జుమ్మెరాత్ బజార్‌లో దొరికిన వైమానికుడి ఫొటో ఆల్బమ్ (మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్, 1916–17): ఎవరిదో తేల్చడానికి సాయం కావాలి

బొల్లారం_బండి | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన గురువారం జుమ్మెరాత్ బజార్‌లో పాత ఇత్తడి సామాన్ల పక్కన ఒక ఆల్బమ్ కనిపించింది. గుడ్డ అట్ట, మూలలు ఎలుకలు కొట్టేశాయి. తెరిస్తే నల్ల కాగితాలు, వాటి మీద తెల్ల పెన్సిల్‌తో ఇంగ్లీషు రాతలు, మొదటి పేజీలోనే రెండు రెక్కల విమానం. నాకు బేరమాడే ఓపిక కూడా లేకపోయింది. అతను అడిగిన 1,800 ఇచ్చేసి తెచ్చుకున్నాను. తిరుమలగిరి వైపు ఒక పాత బంగ్లా ఖాళీ చేసినప్పుడు తుక్కుతో పాటు వచ్చిందని మాత్రం చెప్పాడు.

మొత్తం 38 కాగితాలు, 211 ఫొటోలు. చాలావరకు చిన్నవి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి. మధ్యలో పోస్టుకార్డు సైజుకు దగ్గరగా ఉన్నవి ఓ ముప్పై ఉన్నాయి. అవన్నీ ఆకాశం నుంచి తీసినవి. రాతలు తెలుగులో చెప్తాను: "బస్రా, ఖర్జూర తోట", "ఓరా, ఏప్రిల్", "టెసిఫాన్ కమాను", "సామర్రా, మెలి తిరిగిన మీనారు". 31వ పేజీలో మంటల్లో పడిపోతున్న విమానం, పక్కన ఇంకోటి తిరుగుతున్నది ఉంది. 33, 34 పేజీల్లో, సామర్రా దగ్గర, ఎడారి మీద గడులు గడులుగా గీతలు. చివరి తేదీ 1917 నవంబర్.

రెండు విషయాలు నన్ను నిద్ర పోనివ్వడం లేదు. ఒకటి, ఆల్బమ్ ఎవరిదో పేరు లేదు. తన ఫొటో ఉన్నచోటల్లా "నేను" అని రాసుకున్నాడు. రెండు, 17వ పేజీలో నాలుగు మూలల కాగితం క్లిప్పులు మాత్రం ఉన్నాయి, ఫొటో లేదు. కింద రాత ఉంది: "చివరి బస్తాలు, ఏప్రిల్ 1916".

బస్తాలేమిటి? విమానానికీ బస్తాలకీ సంబంధం ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

కొడాక్_127 | శనివారం, రాత్రి 10:25

అన్నా, ముందు స్కేలు పెట్టి చిన్న ఫొటోలు కొలవండి. 4 సెంటీమీటర్లకు 6.5 ఉంటే అవి వెస్ట్ పాకెట్ కొడాక్‌తో తీసినవి. 1912లో వచ్చిన మడత కెమెరా, 127 ఫిల్ము. మూస్తే కోటు జేబులో పట్టేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కెమెరా అంటే అదే. 1915 నుంచి అందులో ఇంకో సదుపాయం వచ్చింది. వెనక చిన్న మూత తీసి, పుల్లతో ఫిల్ము మీదే తేదీ, ఊరు రాయొచ్చు. ప్రింటు అంచున సన్నటి చేతిరాత కనిపిస్తుందేమో చూడండి.

ఫ్రాన్సు యుద్ధరంగంలో బ్రిటిష్ సైన్యం సొంత కెమెరాలు నిషేధించింది. అయినా దొంగచాటుగా తీసినవాళ్లు ఉన్నారు. మెసపొటేమియా లాంటి దూరపు చోట్ల నుంచి ఇలాంటి సొంత ఆల్బమ్‌లు చాలానే మిగిలాయి.

పెద్దవి 5 అంగుళాలకు 4 ఉంటే అవి సర్కారు ఫొటోలు. విమానం పక్కన బిగించే ప్లేట్ కెమెరాతో తీసి, గాజు పలకను కాగితం మీద అలాగే పెట్టి అచ్చు తీసేవారు. కాబట్టి ఆ ఆల్బమ్‌లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి జేబులోది, ఇంకోటి డ్యూటీది. రెండింటి మధ్య తేడా చూసుకుంటూ పోతే మనిషి దొరుకుతాడు.

బొల్లారం_బండి | శనివారం, రాత్రి 11:10

కొలిచాను. చిన్నవి సరిగ్గా 4 బై 6.5. పెద్దవి 5 బై 4. ఒళ్లు జలదరించింది తమ్ముడూ.

9వ పేజీలో ఒకటి పంపుతున్నాను. గాల్లో ఉండగా తీసిందే. కళ్లద్దాలు, తోలు టోపీ పెట్టుకున్న మనిషి ముఖం నేరుగా కెమెరా వైపు ఉంది, అతని వెనక తోక. కింద నది. "డబ్ల్యూ., కూత్ మీద" అని రాత.

రెక్కల_లెక్క | ఆదివారం, ఉదయం 6:30

ఈ ఒక్క ఫొటో చాలు సార్, మీ మనిషి పైలట్ కాదు.

ఇది బి.ఇ.2సి, అప్పటి బ్రిటిష్ రెండు సీట్ల విమానం. నేల మీద తీసిన విమానం ఫొటోల్లో నిట్టనిలువుగా పైకి లేచిన పొగగొట్టాలు, నాలుగు రెక్కల పంకా, కింద స్కిడ్లు (నేలకు తగిలే కర్రలు) ఉంటాయి చూడండి. ఈ విమానంలో పైలట్ వెనక కూర్చుంటాడు, పైనుంచి శత్రువును గమనించే అబ్జర్వర్ ముందు. ఫొటోలో విమానం నడుపుతున్న మనిషి ముఖం కెమెరా వైపు ఉంది, అతని వెనక తోక ఉంది. అంటే కెమెరా ముందు సీట్లో ఉంది. తీసింది అబ్జర్వర్. ముందు సీట్లో ఇంజను వేడి మొహాన కొడుతుంది, నాలుగు వైపులా తీగలు, కర్రలు. అందులో వెనక్కి తిరిగి, జేబులోంచి కెమెరా తీసి, మడత విప్పి, తన పైలట్ ఫొటో తీశాడంటే ఎంత ఇష్టంగా తీశాడో ఆలోచించండి.

"నేను" అని రాసినచోట ఛాతీ ఎడమ వైపు బ్యాడ్జి చూడండి. పైలట్‌కు రెండు రెక్కలు. అబ్జర్వర్‌కు ఇంగ్లీషు 'ఓ' అక్షరం, దానికి ఒకే రెక్క.

బొల్లారం_బండి | ఆదివారం, ఉదయం 7:05

ఒకే రెక్క! మూడు ఫొటోల్లో స్పష్టంగా ఉంది. టైటిల్‌లో పైలట్ అని పెట్టాను, వైమానికుడు అని మార్చమని అడ్మిన్ గారిని అడుగుతాను.

నిజాం_నాణేలు | ఆదివారం, ఉదయం 9:50

అన్నా, సికింద్రాబాద్‌లో దొరికిందంటున్నారు కదా. మన నిజాం డబ్బిచ్చిన స్క్వాడ్రన్ (విమాన దళం) ఒకటి ఉండేది. ఆ స్క్వాడ్రన్ ఆఫీసరు ఎవరైనా ఇక్కడికి వచ్చినప్పుడు వదిలేసి ఉంటాడేమో?

హెండన్_దారిలో | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నేను లండన్‌లో ఉంటాను, ఆ విమానాన్ని చాలాసార్లు చూశాను, అందుకే చెప్తున్నాను. మీరనేది 110 స్క్వాడ్రన్. దాని పేరులోనే హైదరాబాద్ ఉంటుంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో దానికి డి.హెచ్.9ఎ విమానాలు సమకూరాయి. ఒక్కో విమానం మీద నిజాం కానుక అని రాసి ఉండేది. 1918 ఆగస్టు ఆఖరున ఫ్రాన్సు వెళ్లి, జర్మనీ ఊళ్ల మీద పగటి పూట దూరపు బాంబుదాడులు చేసింది. నష్టం చాలా జరిగింది. కొద్ది వారాల్లోనే 17 విమానాలు శత్రువు వైపు వెళ్లి తిరిగి రాలేదు.

వాటిలో ఒకటి, ఎఫ్ 1010, 1918 అక్టోబర్ 5న జర్మనీలో దిగిపోయింది. మనుషులు బందీలయ్యారు, విమానం మాత్రం బతికింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో మార్పిడి మీద ఇంగ్లండ్ వచ్చింది. ఇప్పుడు లండన్‌లో హెండన్ దగ్గరున్న ఆర్.ఎ.ఎఫ్. (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో ఉంది. దాని పక్క మీద హైదరాబాద్ పేరు చదివినప్పుడు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. పక్కన ఎవరికీ చెప్పుకోలేక మా నాన్నకు ఫోన్ చేశాను.

కానీ ఈ ఆల్బమ్ వాళ్లది కాదు. తేదీలు 1917తో ఆగిపోయాయి. విమానం కూడా వేరు. డి.హెచ్.9ఎకి ముందు కారుకున్నట్టు పెద్ద రేడియేటర్ ఉంటుంది, 400 గుర్రాల శక్తి ఉన్న లిబర్టీ ఇంజను. బి.ఇ.2సి ఇంజను 90 గుర్రాలే.

నిజాం_నాణేలు | ఆదివారం, మధ్యాహ్నం 1:40

అర్థమైంది, థాంక్యూ. ఆ రాత ఫొటో ఉంటే వేరే చర్చలో పెట్టండి, నాకు చాలా ఉపయోగం.

పాఠం_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:20

నేను రిటైరైన చరిత్ర టీచర్ని. బస్తాల సంగతి చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మెసపొటేమియా యుద్ధం మొదట్లో నడిపింది మన ఇండియా సర్కారు. సైన్యంలో ఎక్కువమంది మనవాళ్లే. విమానాలు చాలక ఆస్ట్రేలియాను అడిగితే వాళ్లు ఒక చిన్న జట్టును పంపారు. దానికి హాఫ్ ఫ్లైట్ అని పేరు. 1915 ఏప్రిల్ 20న మెల్‌బోర్న్‌లో ఓడెక్కి, బొంబాయి మీదుగా మే ఆఖరుకు బస్రా చేరారు. దొరికినవి పాత మోరిస్ ఫార్మన్లు. వేగం గంటకు యాభై అరవై మైళ్లు. అక్కడ షమాల్ అనే వాయవ్యపు గాలి లేస్తే ఎదురు వెళ్లలేక విమానం ఉన్నచోటే ఉన్నట్టుండేది. తర్వాత ఆ జట్టు బ్రిటిష్ 30 స్క్వాడ్రన్‌లో కలిసింది.

జులై 30న ఆ జట్టులోని జార్జ్ మెర్జ్, న్యూజిలాండ్ అధికారి బర్న్ నాసిరియా నుంచి తిరిగి వస్తూ ఇంజను చెడి ఎడారిలో దిగారు. స్థానిక తెగలవాళ్ల చేతిలో ఇద్దరూ చనిపోయారు. శవాలు కూడా దొరకలేదు. మెర్జ్ డాక్టర్. అంతకు కొద్ది రోజుల ముందే నాసిరియాలో గాయపడ్డవాళ్లకు వైద్యం చేశాడు.

నవంబర్‌లో బ్రిటిష్ జనరల్ టౌన్‌షెండ్ ఆరో పూనా డివిజన్‌తో బాగ్దాద్ వైపు కదిలాడు. యుద్ధానికి ముందురోజు, 21న, మేజర్ రీలీ అనే పైలట్ బాగ్దాద్ దగ్గరి టెసిఫాన్ వెనక కొత్తగా చేరిన టర్కీ సైన్యాన్ని పైనుంచి చూశాడు. ఆ కబురు మోసుకొస్తుంటే ఇంజనుకు తూటా తగిలి దిగిపోయాడు, పట్టుబడ్డాడు. అతను గీసిన మ్యాపు టర్కీవాళ్ల చేతికి పోయింది. కబురు రాలేదు. మర్నాడు యుద్ధం మొదలైంది. చివరికి టౌన్‌షెండ్ వెనక్కి వచ్చి, టైగ్రిస్ నది లాడంలా వంపు తిరిగిన చోట ఉన్న కూత్ ఊళ్లో చేరాడు. డిసెంబర్ 7 నుంచి ముట్టడి. తిండి అయిపోయింది. గుర్రాలను కోసుకు తిన్నారు. మనవాళ్లలో చాలామంది ఆ మాంసం ముట్టలేదు, రోగాల పాలయ్యారు.

1916 ఏప్రిల్ 15 నుంచి విమానాల్లో పిండి బస్తాలు తీసుకెళ్లి కూత్ మీద పడేయడం మొదలెట్టారు. నది కింది వైపున్న ఓరా దగ్గర్నుంచి ఎగిరేవి. ముట్టడిలో ఉన్న సైన్యానికి గాలి దారిన తిండి వేయడం ప్రపంచంలో అదే మొదలు. మీ ఆల్బమ్‌లో "ఓరా, ఏప్రిల్" ఉంది. "చివరి బస్తాలు" అంటే అవే.

రెక్కల_లెక్క | ఆదివారం, రాత్రి 8:00

మాస్టారు చెప్పినదానికి ఒక లెక్క. రెండు వారాల్లో దాదాపు 140 ట్రిప్పులు, మొత్తం 19,000 పౌన్ల తిండి. అంటే 8,600 కిలోలు. లొంగిపోయినప్పుడు సైనికులు, సేవకులు కలిపి 13,000 మంది. ఊరి జనం వేరు. పడినదంతా సరిగ్గా చేతికి అందిందనుకున్నా తలకు 660 గ్రాములు. పదిహేను రోజులకు పంచితే రోజుకు 44 గ్రాములు. గుప్పెడు పిండి. అందులో కొన్ని బస్తాలు నదిలో పడ్డాయి, కొన్ని టర్కీవాళ్ల కందకాల్లో.

ఇప్పుడే తూకం తెచ్చి 44 గ్రాముల గోధుమపిండి అరచేతిలో పోసుకుని చూశాను. ఒక పల్చటి పుల్కా.

బొల్లారం_బండి | ఆదివారం, రాత్రి 8:45

నోట మాట రావడం లేదు. ఏప్రిల్ 29న లొంగిపోయారని చదివాను. అంటే "చివరి బస్తాలు" ఫొటో ఆ రోజుకో ముందురోజుకో చెందింది. అదే పోయింది.

సండే_స్టాల్ | సోమవారం, ఉదయం 10:30

బ్రదర్, పాత ఫొటోల వ్యాపారంలో ఉన్నాను. 31వ పేజీలో మంటల్లో పడిపోతున్న విమానం, పక్కన ఇంకోటి తిరుగుతున్నది ఉందన్నారు కదా, దానికి మంచి రేటు వస్తుంది. ఆల్బమ్ మొత్తంగా ఎవరూ కొనరు. విమానాల ఫొటోలు విడదీసి ఒక్కొక్కటి అమ్మితే లాభం.

కొడాక్_127 | సోమవారం, ఉదయం 11:05

అన్నా, దయచేసి విడదీయకండి. ఒక్కో ఫొటోకి విలువ దాని పక్కన ఉన్న ఫొటో వల్ల, కింద ఉన్న రాత వల్ల వస్తుంది. "డబ్ల్యూ., కూత్ మీద" అన్న రాత చిరిగిపోతే ఆ పైలట్ ఎవరో ఇక ఎవరికీ తెలియదు.

ఇక ఆ మంటల ఫొటో. దాని కాగితం మిగతావాటిలా ఉందా? నాకు అనుమానం ఉంది. 1930లలో గాల్లో యుద్ధాల ఫొటోలంటూ కొన్ని అద్భుతమైనవి బయటికొచ్చాయి. ఒక బ్రిటిష్ పైలట్ రహస్యంగా తీసినవని చెప్పి అమ్మారు, 1933లో పుస్తకం కూడా వేశారు. ప్రపంచమంతా నమ్మింది. అర్ధ శతాబ్దం తర్వాత అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఒక పెట్టె వచ్చింది. అది వెస్లీ ఆర్చర్ అనే మాజీ పైలట్ సామాను. విమానాల చిన్న బొమ్మలు చేసి, ఫొటోలు తీసి, మేఘాల మీద కలిపి అచ్చు వేశాడని తేలింది. ఆ నకళ్లు ఇప్పటికీ పాత ఆల్బమ్‌లలో దొరుకుతుంటాయి.

జేబు కెమెరాతో, కదిలే విమానంలోంచి, ఇంకో కదిలే విమానం అంత దగ్గరగా, అంత స్పష్టంగా రావడం కష్టం. అసలైన గాలి ఫొటోల్లో అవతలి విమానం మసక చుక్కలా ఉంటుంది.

బొల్లారం_బండి | సోమవారం, మధ్యాహ్నం 2:20

చూశాను. మిగతా ఫొటోలన్నీ మూలల క్లిప్పుల్లో ఉన్నాయి, ఇది మాత్రం జిగురుతో అంటించి ఉంది. మెరిసే కాగితం. కింద రాత లేదు. ఎవరో తర్వాత పెట్టారు. తీసిపారేయను, అదీ ఆల్బమ్ కథలో భాగమే. కానీ వివరాల్లో "తర్వాత చేర్చినది" అని రాసుకుంటాను.

సండే_స్టాల్ గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. అమ్మను.

కాగితపు_పురుగు | సోమవారం, రాత్రి 9:15

నేను పాత కాగితాలు బాగుచేసే పనిలో ఉన్నాను. దయచేసి ఇవి పాటించండి.

లామినేషన్ వద్దు, ప్లాస్టిక్ జాకెట్ ఆల్బమ్ వద్దు, సెల్లోటేపు అసలు వద్దు. నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం దగ్గర పెట్టొద్దు. చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరాక ముట్టుకోండి. క్లిప్పుల్లోంచి ఫొటో తీయాలని లాగకండి. ఆ క్లిప్పులు వందేళ్ల నాటివి, విరిగిపోతాయి. ఫొటోల నల్లటి చోట్ల అద్దంలా వెండి మెరుపు కనిపిస్తే భయపడకండి, రుద్దకండి. వెండి పైకి తేలింది, అంతే. నల్ల కాగితాల్లో ఆమ్లం ఉంటుంది కాబట్టి ఆమ్లం లేని పల్చటి కాగితం పేజీల మధ్య పెట్టండి. బీరువాలో నిలబెట్టకండి, పడుకోబెట్టండి. మన వానాకాలం తేమ ముఖ్య శత్రువు, రెండోది వెండి పురుగు.

స్కాన్ చేసేటప్పుడు పేజీ మొత్తం రాతతో సహా ఒకసారి, తర్వాత ప్రతి ఫొటో విడిగా. చిన్నవాటికి 1200 డి.పి.ఐ. పెట్టండి. చెరిగిపోయిన పెన్సిల్ రాత ఉంటే గది చీకటి చేసి, టార్చి పేజీకి ఆనించినట్టు పక్కనుంచి వేయండి. గీత కనిపించకపోయినా గాడి కనిపిస్తుంది.

అన్నట్టు, వెనక అట్ట లోపలి కాగితం ఎప్పుడైనా తడిమి చూశారా? ఊడిపోయిన ఫొటోలను జనం అక్కడ దోపేవాళ్లు.

బొల్లారం_బండి | సోమవారం, రాత్రి 9:30

అక్కా, చూడలేదు. ఇప్పుడు ముట్టుకోను, రేపు పగటి వెలుతురులో చూస్తాను.

ఈలోగా ఇంకో ఫొటో. 24వ పేజీ. నది మీద పడవల వంతెన, దాని మీద ఇరవై మంది దాకా పనివాళ్లు, ఖాకీలో. కొందరు కెమెరా వైపు చూస్తున్నారు. ముందున్న కుర్రాడు తాడు చుట్ట భుజాన వేసుకున్నాడు. కింద రాత: "వంతెనవాళ్లు, మద్రాసీలు, ఫిబ్రవరి". ఆల్బమ్ మొత్తంలో ఆఫీసర్లకు అక్షరమో పేరో ఉంది, ఆఖరికి కుక్కకు కూడా పేరుంది. వీళ్లకు లేదు. వంటవాడి ఫొటో కింద "మా వంటవాడు", విమానం లాగుతున్న ఎడ్ల పక్కన మనిషి ఉన్నా "ఎడ్లు" అని మాత్రమే. నాకు బాధేసింది.

మాధవరం_మనవడు | సోమవారం, రాత్రి 11:50

అన్నా, ఆ ఫొటో పెద్దగా పంపగలరా. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి మా ఊరి నుంచి 90 మంది వెళ్లారని చెప్పుకుంటారు. చిన్నప్పుడు మా తాతయ్య "బస్రా" అనే మాట అనేవాడు. ఎడారిలో నీళ్ల కోసం ఎంత నడిచారో చెప్పేవాడు, వాళ్ల నాన్న నోట విన్నది. మేం అదేదో కథలో ఊరనుకున్నాం. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. మా ముత్తాత ఏ దళంలో ఉన్నాడో కూడా రాసి పెట్టుకోలేదు.

అందులో మా వాళ్లుంటారని నేననను. కానీ చూడాలని ఉంది.

పాఠం_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:10

బాబూ, నీ పోస్టు చదివి తెల్లవారుజామున లేచి కూర్చున్నాను.

మద్రాసు సాపర్లు మెసపొటేమియాలో పనిచేశారు. వంతెనలు, రోడ్లు, కందకాలు వాళ్ల పని. వాళ్లలో తమిళులు, తెలుగువాళ్లు అందరూ ఉండేవారు. సైన్యంలో వాళ్లను ముద్దుగా తంబీలు అనేవారు. 1917 ఫిబ్రవరి 23న కూత్ ఎగువన షుమ్రాన్ దగ్గర టైగ్రిస్ దాటి, అదే రోజు పడవల వంతెన కట్టారు. ఆ తర్వాతే మార్చి 11న బాగ్దాద్ పడింది. ఈ ఫొటో "ఫిబ్రవరి" అంటోంది, మద్రాసీలు అంటోంది, వంతెన ఉంది. షుమ్రానే అని ఖాయంగా చెప్పను, నది మీద వంతెనలు చాలా కట్టారు. కానీ ముందు అక్కడే వెతకాలి.

పేర్ల సంగతి. బస్రాలో పెద్ద స్మారకం ఉంది, 40,000 మందికి పైగా దాని మీద లెక్క. తెల్లవాళ్ల పేర్లు, మన ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయిలను మాత్రం ఫలానా దళం, ఇంతమంది అని అంకెలుగా వేశారు. ఈ ఆల్బమ్ రాతల్లో ఉన్నదే అక్కడ రాయి మీదా ఉంది. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ దీనికి క్షమాపణ చెప్పింది. చనిపోయినవాళ్ల పేర్లు ఉన్నంతవరకు ఆ కమిషన్ వెబ్‌సైట్‌లో దళం పేరుతో వెతకొచ్చు. బతికి వచ్చినవాళ్ల పేర్లు దొరకడం కష్టం. అందుకే మీ తాతయ్య చెప్పిన మాటలు ఈ రోజే కూర్చుని రాసిపెట్టు. ఎవరి నోట విన్నావో, ఎప్పుడు విన్నావో కూడా రాయి.

రెక్కల_లెక్క | మంగళవారం, ఉదయం 8:40

సామర్రా ఫొటోల గురించి ఎవరూ మాట్లాడలేదు. 33, 34 పేజీల్లో ఎడారి మీద గడులు గడులుగా గీతలు ఉన్నాయన్నారు కదా, అవి కందకాలు కావు. అబ్బాసీ ఖలీఫాల నాటి నగరం, తొమ్మిదో శతాబ్దంది. నేల మీద నడిస్తే మట్టి దిబ్బలు, పైనుంచి చూస్తే వీధులు. బీజ్లీ అనే సర్వే అధికారి ఈ యుద్ధంలో తీసిన ఇలాంటి గాలి ఫొటోల్లోనే ఆ నగరం ఆకారం గుర్తించి, యుద్ధం అయ్యాక వ్యాసం రాశాడు. ఆకాశం నుంచి పురావస్తు శోధన తొలి అడుగుల్లో అదొకటి. ఆ పేజీలు కూడా జాగ్రత్తగా స్కాన్ చేయండి, ఇప్పుడు అక్కడ చాలా చోట్ల ఇళ్లు, పొలాలు వచ్చేశాయి.

బొల్లారం_బండి | మంగళవారం, మధ్యాహ్నం 12:55

అక్క చెప్పినట్టే వెనక అట్ట లోపలి కాగితం తడిమాను. ఒకచోట చిన్న ఉబ్బు. కాగితం అప్పటికే ఒక పక్క ఊడి ఉంది. చించలేదు, పోస్టుకార్డు లోపలికి జార్చి మెల్లగా తోశాను. ఒక ఫొటో బయటికి జారింది. 4 బై 6.5.

బి.ఇ.2సి రెక్క పక్కనుంచి తీశాడు. కింద రెక్కకు, బాంబులు వేలాడదీసే చోట, గోనె బస్తాలు. ఇద్దరు మనవాళ్లు నేల మీద మోకాళ్ల మీద కూర్చుని తాళ్లు బిగిస్తున్నారు. ఒకడు తాడు కొస పళ్లతో పట్టుకున్నాడు. ఇంకొకడి వీపు మాత్రమే కనిపిస్తుంది, చొక్కా చెమటకు అంటుకుపోయింది. వెనక సీట్లో పైలట్ ఉన్నాడు, ముందు సీటు ఖాళీ.

రెక్కల_లెక్క | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ముందు సీటు ఖాళీ! 90 గుర్రాల ఇంజను సార్, బరువు మోయాలంటే అబ్జర్వర్‌ను దించేయాల్సిందే. మీ మనిషి ఆ రోజు నేల మీద నిలబడిపోయాడు. అందుకే ఫొటో తీయగలిగాడు.

కాగితపు_పురుగు | మంగళవారం, మధ్యాహ్నం 1:25

వెనక రాత ఏమైనా ఉందా? అంచులు పట్టుకుని తిప్పండి. వేలిముద్ర పడనివ్వకండి.

బొల్లారం_బండి | మంగళవారం, మధ్యాహ్నం 2:40

ఉంది. మామూలు పెన్సిల్, చాలా మసక. టార్చి పక్కనుంచి వేస్తే గాడి కనిపించింది. మొదటి వరుసలో తేదీ, 28. రెండో వరుసలో "ఇద్దరూ మంచివాళ్లు". అంతే, పేర్లు లేవు.

17వ పేజీ క్లిప్పుల్లో పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయింది. జిగురు వాడలేదు.

రెండు స్కాన్లూ, వంతెనదీ బస్తాలదీ, 1200లో చేసి ఇక్కడ పెడుతున్నాను. మాధవరం తమ్ముడూ, వంతెన ఫొటోలో ముందున్న కుర్రాడి టోపీ, నడుం పట్టీ విడిగా పెద్దవి చేసి పంపాను. ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర అప్పటి టోపీ గానీ బెల్టు గానీ ఉంటే పక్కన పెట్టి ఫొటో తీసి పంపు. బస్తాలు కడుతున్నవాళ్లలో తాడు పళ్లతో పట్టుకున్నాయన మెడలో ఏదో తాయెత్తు లాంటిది ఉంది. దాన్ని కూడా పెద్దది చేశాను, ఎవరైనా గుర్తుపడితే రాయండి.

మాధవరం_మనవడు | మంగళవారం, రాత్రి 10:05

అందాయి అన్నా. రేపు పొద్దున బస్సుకి ఊరెళ్తున్నాను. రెండూ పెద్ద సైజులో ప్రింటు తీయించాను.